నొప్పి లేని పుండు, మాట పడే మనిషి

షుగరు జబ్బు గురించి రేడియోలో మీరు చాలాసార్లు విని ఉంటారు. ఏం తినాలి, ఏం మానాలి, పొద్దున్నే ఎంతసేపు నడవాలి, పరగడుపున ఎంత ఉండాలి, తిన్న రెండు గంటలకు ఎంత ఉండాలి. అవన్నీ అవసరమైన మాటలే. ఈ పూట నేను ఆ అంకెల తర్వాతి సంగతి మాట్లాడదామనుకుంటున్నాను. పదేళ్లుగా, ఇరవై ఏళ్లుగా షుగరుతో బతుకుతున్న మనిషికి కాలో, కన్నో, చెయ్యో పట్టు తప్పడం మొదలయ్యాక రోజు ఎలా గడుస్తుంది, ఇంట్లోవాళ్లు ఏమంటారు, చట్టం ఏమంటుంది అన్నది నా విషయం. నేను ఫిజియోథెరపిస్టుని. కాలు తీసేసినవాళ్లను మళ్లీ లేపి నిలబెట్టి నడిపించడం నా పని. నా దగ్గరికి వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. అందుకే జరగకముందు సంగతి చెప్పాలన్న ఆరాటం నాకు ఎక్కువ.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేయించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మన దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్ల 10 లక్షల మంది అని అందులో తేలింది. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. షుగరు ఉన్నవాళ్లకు నడక, మెట్లెక్కడం, స్నానం చేయడం, బట్టలు కట్టుకోవడం, బజారుకెళ్లి సామాను తెచ్చుకోవడం లాంటి పనులు కష్టమయ్యే ప్రమాదం మిగతావాళ్లకన్నా 50 నుంచి 80 శాతం ఎక్కువని 2013లో అనేక దేశాల పరిశోధనలను కలిపి చూసిన ఒక సమీక్ష చెప్పింది. వైకల్యం అనగానే మనకు చక్రాల కుర్చీ గుర్తొస్తుంది. షుగరు తెచ్చే వైకల్యం చాలాకాలం పైకి కనబడదు. బస్సు మెట్టు ఎక్కుతూ కమ్మీని గట్టిగా పట్టుకోవడం, చీకటి పడ్డాక బయటికి రానని తప్పించుకోవడం, పెళ్లిలో కింద కూర్చుని భోంచేయనని కుర్చీ అడగడం. దగ్గరివాళ్లు కూడా దీన్ని వయసు మీద పడటం అనుకుంటారు.

కాలి దగ్గర మొదలుపెడతాను. అక్కడే నాకు చెప్పాల్సింది ఎక్కువ ఉంది.

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే సన్నటి నరాలు దెబ్బతింటాయి. శరీరంలో అన్నిటికన్నా పొడుగైన నరాలు పాదాలకు వెళ్లేవి. అందుకే దెబ్బ ముందు వేళ్ల కొసల్లో తెలుస్తుంది. కొందరికి అరికాళ్లు మంటలు, రాత్రిళ్లు సూదులు గుచ్చినట్టు పోట్లు, తిమ్మిర్లు. వాళ్లు డాక్టరు దగ్గరికి వస్తారు, నొప్పి తెచ్చేస్తుంది. ఇంకొందరికి ఏమీ ఉండదు. కాలు మెల్లగా మొద్దుబారిపోతుంది. అలాంటివాళ్లను మేము ఒక ప్రశ్న అడుగుతాం. నడుస్తుంటే చెప్పు జారిపోయి వెనకపడిపోయినా తెలియకుండా ముందుకు నడిచిన రోజు ఉందా అని. ఉందంటే, పరీక్ష చేయకముందే మాకు సగం అర్థమవుతుంది. మరీ ఎక్కువమంది చెప్పే మాట ఇంకోటి ఉంది. దూది పరుపు మీద నడుస్తున్నట్టుంది అంటారు.

ఒక తాపీ మేస్త్రి సంగతి చెబుతాను. యాభై దాటిన మనిషి. కాలు వాచిందని కొడుకు బలవంతం మీద ఆసుపత్రికి వచ్చాడు. గది బయట విడిచిన చెప్పును మా అటెండరు తెచ్చి తిరగేసి చూపించాడు. అడుగునుంచి ఒక మేకు లోపలికి దిగి ఉంది. పైన దాని మొన, వడ్లగింజంత, చెప్పులో మెరుస్తోంది. మేకు ఎన్నాళ్ల నుంచి ఉందో ఆయనకు తెలియదు. దాని మీదే పరంజా ఎక్కాడు, దిగాడు, ఇసుక తొక్కాడు, ఇంటికెళ్లాడు. అరికాలు చూస్తే బొటనవేలి కింద ఎత్తుగా ఉండే చోట రూపాయి బిళ్లంత పుండు, చుట్టూ తెల్లగా గట్టిపడిన చర్మం, లోపల చీము. ఇన్నాళ్లు ఎందుకు రాలేదు బాబాయ్ అని అడిగితే, నొప్పి లేదు కదమ్మా, నొప్పి ఉంటే రానా అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. నొప్పి ఉంటేనే జబ్బు అని మనందరం పెరిగాం. ఈ జబ్బులో నొప్పి లేకపోవడమే అపాయం.

పాదంలో స్పర్శ ఉందో లేదో పరీక్షించడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. చిన్న పిడికి బిగించిన నైలాన్ పోగు ఒకటి ఉంటుంది. దాన్ని చర్మం మీద ఆనించి నొక్కితే సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడి దగ్గర వంగుతుంది. మనిషిని కళ్లు మూసుకోమని, తగిలినప్పుడల్లా ఆఁ అనమంటాం. బొటనవేలి కొసన, మడమ ముందు భాగాన, అరికాలి ఎత్తుల మీద ఆనిస్తాం. పోగు వంగుతుంది, మనిషి మాత్రం ఆఁ అనడు. ఎదురుగా కూర్చున్న భార్య, తగులుతోంది కదండీ చెప్పరేంటి అని కసురుతుంది. ఆయన కళ్లు తెరిచి, నిజంగా తగిలిందా అంటాడు. ఆ క్షణం నుంచి ఆ పాదాన్ని కంటితో కాపాడుకోవాల్సిందే. చర్మం ఇక కబురు చెప్పదు.

కంటితో కాపాడుకోవడం అంటే ఇది. రోజూ రాత్రి పాదాలు కడుక్కుని, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, మంచి వెలుతురులో చూసుకోవాలి. అరికాలు కనబడకపోతే నేల మీద అద్దం పెట్టుకోవచ్చు, లేదా ఇంట్లోవాళ్లను చూడమనవచ్చు. ఎర్రబడిందా, బొబ్బ లేచిందా, చర్మం పగిలిందా, ఒక పాదం రెండోదానికన్నా వేడిగా ఉందా. చెప్పు తొడుక్కునే ముందు చెయ్యి పెట్టి తడమాలి. ఆనెకాయలను బ్లేడుతో కోసుకోవద్దు, మందుల షాపులో అమ్మే ఆనెకాయ పట్టీలు అంటించుకోవద్దు. తిమ్మిరి పోతుందని వేడినీళ్లలో కాళ్లు పెట్టుకోవద్దు. నీళ్లు కాలుతున్నాయన్న సంగతి ఆ పాదానికి తెలియదు. బండి సైలెన్సరుకు పిక్క ఆని తోలు ఊడినా తెలియని వాళ్లను చూశాను. నేల మీద పడుకున్నవాళ్ల వేళ్లను రాత్రి ఎలుకలు కొరికి, తెల్లారాక పక్క మీద రక్తం చూసి తెలుసుకున్నవాళ్లూ ఉన్నారు.

మన దగ్గర ఎండాకాలం గుడి ప్రాంగణంలో బండలు ఎలా కాలతాయో మీకు తెలుసు. మామూలు మనిషి రెండడుగులు వేసి నీడలోకి పరుగెడతాడు. స్పర్శ పోయిన మనిషి నిదానంగా మూడు ప్రదక్షిణలు పూర్తి చేసి వస్తాడు, మర్నాటికి రెండు అరికాళ్లూ బొబ్బలు. అయ్యప్ప మాల, భవానీ మాల వేసుకునే షుగరు ఉన్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నాదొక్కటే విన్నపం. మాల వేసుకునే ముందు పాదాలు పరీక్ష చేయించుకోండి, ఆ ఫలితం గురుస్వామికి చెప్పండి. మెత్తటి చెప్పులతో దీక్ష చేస్తానంటే భక్తికి లోటు వస్తుందని నేననుకోను.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. పాదాలు ఉబ్బినప్పుడు మెట్టెలు వేలిని కోసుకుపోతాయి. నొప్పి తెలియదు, మెట్టె కింద చర్మం కనబడదు. తీయమంటే ముత్తయిదువుని ఎలా తీస్తానమ్మా అంటారు. వదులు చేయించుకోవచ్చు, వాపు తగ్గేవరకు తీసి దేవుడి దగ్గర పెట్టుకోవచ్చు, ఈ మాట అత్తగారి నోటి నుంచో పెద్దవాళ్ల నోటి నుంచో వస్తే వెంటనే వింటారు. పొద్దుట్నుంచీ తడి నేల మీద పని చేసి వేళ్ల సందులు ఒరుసుకుపోయినా, మొగుడి పుండుకు కట్టు కట్టే చేతులకు తన కాలు చూసుకునే తీరిక ఉండదు. మా విభాగానికి వచ్చే ఆడవాళ్లలో ఆలస్యంగా వచ్చేవాళ్లే ఎక్కువ.

ఈ స్పర్శ లేని పాదం గురించి ప్రపంచానికి తెలిసిన చాలా సంగతులు మన దక్షిణ దేశంలోనే మొదలయ్యాయి. అవి షుగరు వైద్యంలోంచి రాలేదు, కుష్ఠు వైద్యంలోంచి వచ్చాయి. పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో, అక్కడ పని చేస్తున్న మిషనరీ దంపతులకు పుట్టారు. 1940ల చివర్లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠు రోగుల చేతులకు, కాళ్లకు శస్త్రచికిత్సలు మొదలుపెట్టారు. అప్పటిదాకా ఆ జబ్బు వల్ల మాంసం దానంతటదే కుళ్లి ఊడిపోతుందని అందరూ నమ్మేవారు. బ్రాండ్ రోగుల వెంటే ఉండి గమనించారు. వేడి పాత్ర పట్టుకుంటే కాలుతుంది, వదలరు. పుండు మీదే నడుస్తారు, కుంటరు. నొప్పి ఉన్న మనిషి తెలియకుండానే బరువు పక్కకు మార్చుకుంటాడు, వీళ్లు ప్రతి అడుగూ అదే చోట వేస్తారు. మాంసాన్ని తినేది ఆ రోజువారీ ఒత్తిడి అని ఆయన తేల్చారు. ఆ ఒత్తిడి తీసేసి, పాదమంతటికీ ఆనేలా పిండికట్టు వేస్తే ఏళ్ల నాటి పుళ్లు మానాయి. తర్వాత 1966లో అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లి, షుగరు రోగుల పాదాల్లోనూ అవే పుళ్లు చూసి, అదే వైద్యం అక్కడా వాడారు.

ఈ రోజు షుగరు ఉన్నవాళ్లకు డాక్టర్లు రాసే ఎం.సి.ఆర్. చెప్పులు ఉన్నాయి కదా, మెత్తటి నల్లరబ్బరు అట్టతో ఉండేవి, అవి మొదట కుష్ఠు ఆసుపత్రుల్లో వాడుకలోకి వచ్చినవే. డిచ్‌పల్లి, సాలూరు లాంటి చోట్ల కుష్ఠు ఆసుపత్రులు ఎరిగిన పెద్దవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. కొందరు పేషెంట్లు ఆ చెప్పులు వేసుకోవడానికి ఒప్పుకోరు, నలుగురూ ఏమనుకుంటారో అని.

ఏమనుకుంటారు? నాకు బాధ కలిగించేది ఇక్కడే ఉంది. కుష్ఠు వచ్చినవాణ్ని వెనకటికి పూర్వజన్మ పాపం అన్నారు. షుగరుతో కాలు పోయినవాణ్ని ఇప్పుడు నోరు కట్టుకోలేదు అంటున్నారు. పరామర్శకు వచ్చినవాళ్లు పళ్లు చేతికిచ్చి, మంచం పక్కన కూర్చుని, స్వీట్లు మానలేదట కదా, టీలో పంచదార వేసుకునేవాడట కదా అని ఆ మనిషి వింటుండగానే భార్యను అడుగుతారు. భార్య కూడా, నా మాట వింటేగా అంటుంది. ఆయన గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆక్సిడెంటులో కాలు పోయినవాణ్ని ఎవరూ ఇలా నిలదీయరు.

ఈ నింద మనసును నొప్పించి ఊరుకోదు, కాళ్లనూ తీసుకుంటుంది. వేలికి చిన్న పుండు లేస్తే ఇంట్లో చెప్పడు, చెబితే తిడతారని. సాక్సు వేసి దాస్తాడు. డాక్టరు దగ్గరికి వెళ్లడు, షుగరు నాలుగొందలు ఉందని తిడతారని. వారం పోతుంది, ఇంకో వారం పోతుంది. వాసన వచ్చాక ఇంట్లో తెలుస్తుంది. వేలితో పోయేది పాదం దాకా, పాదంతో పోయేది మోకాలి దాకా వస్తుంది. షుగరు వల్ల కాలు తీసేయాల్సి వచ్చిన కేసుల్లో నూటికి 85 దాకా ముందు చిన్న పుండుతో మొదలైనవేనని వైద్యులు దశాబ్దాలుగా చెబుతున్నారు. ఆ పుండును దాచుకోకుండా చూపించే ధైర్యం ఇంట్లోవాళ్లు ఇవ్వాలి.

పైగా ఆ నింద నిజం కూడా కాదు. టైప్ 1 షుగరు పసిపిల్లలకు వస్తుంది, వాళ్లేం తిన్నారని? టైప్ 2 సంగతికొస్తే, పుణే కేఈఎం ఆసుపత్రిలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం ఏళ్ల తరబడి చేసిన పని ఉంది. మన దేశపు పిల్లలు పుట్టుకతోనే బరువు తక్కువగా, కండ తక్కువగా ఉండి, కొవ్వు మాత్రం దండిగా ఉంటారని వాళ్లు చూపించారు. తల్లి కడుపులో ఉండగా పోషణ చాలకపోవడం పెద్దయ్యాక షుగరుకు దారి వేస్తుందని చెప్పారు. తల్లికి తిండి చాలనందుకు పుట్టిన బిడ్డను యాభయ్యో ఏట నిందిస్తామా? రేషను బియ్యంతో కడుపు నింపుకునే కూలి మనిషికి కూరలు ఎక్కువ తిను, అన్నం తక్కువ తిను అని చెప్పడం తేలిక. కూరలు కొనాల్సింది ఆ మనిషే. తిండి జాగ్రత్త అక్కర్లేదని నేననడం లేదు. జాగ్రత్త చెప్పడం వేరు, జరిగిన నష్టానికి మనిషిని బోనెక్కించడం వేరు.

ఇక చేతుల సంగతి చాలామందికి తెలియదు. ఒకసారి నమస్కారం పెట్టి చూసుకోండి, అరచేతులు, వేళ్లు పూర్తిగా ఆనించి. చాలా ఏళ్లుగా షుగరు ఉన్న కొందరికి వేళ్లు ఆనవు. చర్మం, కీళ్ల చుట్టూ ఉండే కణజాలం బిరుసెక్కి, వేళ్ల మధ్య సందు మిగిలిపోతుంది, ఆ సందులోంచి ఎదుటి గోడ కనబడుతుంది. మా పరీక్షల్లో ఇదొకటి. ఒక రిటైరైన టీచరమ్మ ఈ పరీక్షలో తన చేతులు చూసుకుని, కొన్నాళ్లుగా పూలు కట్టలేకపోతున్నది ఇందుకా అంది. అన్నం ముద్ద కలపడం, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం, తాళం తిప్పడం అన్నీ కష్టమవుతాయి. భుజం పట్టేయడం కూడా షుగరు ఉన్నవాళ్లలో మిగతావాళ్లకన్నా బాగా ఎక్కువ. చెయ్యి పైకి లేవదు, తల దువ్వుకోలేరు. వ్యాయామంతో ఇందులో చాలా భాగం వెనక్కి వస్తుంది, ముందే వస్తే.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే ఉంది. షుగరు జబ్బును చూసుకోవడానికి కావలసినవన్నీ షుగరు దెబ్బతీసే అవయవాలే. ఇన్సులిన్ తీసుకోవాలంటే సిరంజి మీది సన్నటి గీతలు కనబడాలి. మన దగ్గర బుడ్డిలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్లదానికి నారింజరంగు మూత సిరంజి. రెంటినీ తారుమారు చేస్తే మందు రెండున్నర రెట్లు ఎక్కువో, తక్కువో అయిపోతుంది. చూపు మసకేసిన మనిషి, వేళ్లు వంగని మనిషి, ఒంటరిగా ఉన్న మనిషి ఇది రోజుకు రెండుసార్లు చేయాలి. షుగరు చూసుకునే మిషను మీద కనిపించే అంకె చదవాలి. పాదం చూసుకోవాలంటే వంగాలి, కన్ను ఉండాలి. వైకల్యం వచ్చినకొద్దీ జాగ్రత్త తగ్గుతుంది, జాగ్రత్త తగ్గినకొద్దీ వైకల్యం పెరుగుతుంది. అంకె పైకి చదివి చెప్పే గ్లూకోమీటర్లు ఉన్నాయి, అవి తెలుగులో మాట్లాడితే మన పెద్దవాళ్లకు ఎంత మేలో. ఈ పని ఎవరైనా తలకెత్తుకోవాలని నా కోరిక.

కంటి విషయం. కంటి లోపల వెనకవైపు ఉండే రెటీనాలో సన్నటి రక్తనాళాలు చిట్లడం, కొత్త నాళాలు పిచ్చిగా మొలవడం మొదలైనా చాలాకాలం చూపు బాగానే ఉంటుంది. అద్దాల షాపులో అక్షరాలన్నీ చదివేస్తారు. అందుకే చుక్కల మందు వేసి లోపలికి చూసే పరీక్ష ఏటా చేయించుకోవాలి, టైప్ 2 ఉన్నవాళ్లు జబ్బు తేలిన ఏడాది నుంచే. లేజరుతోనూ, కంట్లోకి ఇచ్చే ఇంజక్షన్లతోనూ చూపును నిలబెట్టవచ్చు. పోయిన చూపును లేజరు వెనక్కి తేలేదు, ఉన్నదాన్ని కాపాడుతుంది. కొందరు శుక్లాల ఆపరేషనుతో కళ్ల పని అయిపోయిందనుకుంటారు, రెటీనా సంగతి వేరు.

అందరికీ ఏటా ఈ పరీక్ష జరిగే పనేనా అంటారేమో. ఇంగ్లండులో 2003 నుంచి 12 ఏళ్లు దాటిన షుగరు రోగులందరినీ ఏటా పిలిచి రెటీనా ఫొటో తీసే పద్ధతి పెట్టారు. రాకపోతే మళ్లీ ఉత్తరం రాశారు. అక్కడ పనిచేసే వయసు వాళ్లలో చూపు పోవడానికి మొదటి కారణం అప్పటికి కనీసం యాభై ఏళ్లుగా షుగరే. 2009-10 నాటి లెక్కల్లో మొదటిసారి అది రెండో స్థానానికి దిగింది. ఆ ఫలితం 2014లో ప్రచురించారు. అక్కడి జనం మనకన్నా తక్కువ తీపి తిన్నారని కాదు. పిలిచారు, చూశారు, వేళకు వైద్యం చేశారు. మన దగ్గర సరోజినీదేవి కంటి ఆసుపత్రి, ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లాంటివి ఉన్నాయి, నైపుణ్యం లేక కాదు. పిలిచేవాళ్లు లేరు.

కిడ్నీల గురించి రెండు మాటలతో సరిపెడతాను. మూత్రంలో అల్బుమిన్ పరీక్ష ఏటా చేయించుకోవాలి. డయాలిసిస్ దాకా వచ్చినవాళ్లకు వారానికి రెండు మూడు రోజులు అక్కడికే పోతాయి, తిరిగి వచ్చిన రోజు లేవలేరు. ఆ మనిషిని ఏ యజమాని పనిలో ఉంచుకుంటాడు?

ఇక కాలు తీసేశాక ఏం చేయాలన్నది. ఇది నా చేతిలో పని కాబట్టి వివరంగా చెబుతాను. మోకాలి కింద తీసినప్పుడు ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ ఆ కాలి కింద దిండు పెడతారు. పెట్టొద్దు. కొన్ని వారాల్లో మోకాలు వంగి అలాగే బిగుసుకుపోతుంది, అలా బిగిసిన మోకాలికి కృత్రిమ కాలు కుదరదు. కాలు చాపి ఉంచాలి, డాక్టరు ఒప్పుకున్నాక రోజూ కాసేపు బోర్లా పడుకోవాలి. క్రేప్ బ్యాండేజీని 8 అంకె ఆకారంలో, కింద బిగువుగా, పైకి వచ్చేకొద్దీ వదులుగా చుట్టాలి. చుట్టూ గుండ్రంగా చుట్టి బిగిస్తే రక్తం ఆగిపోతుంది. లేని కాలి బొటనవేలు దురద పెడుతోందనో, లేని మడమ నొప్పి పుడుతోందనో ఆ మనిషి అంటే మతి పోయిందనుకోవద్దు. మెదడులో ఆ కాలి బొమ్మ ఇంకా ఉంది, ఆ బాధ నిజమైన బాధే, దానికి మందులున్నాయి. అన్నిటికన్నా ముఖ్యం రెండో కాలు. బరువంతా దాని మీదే పడుతుంది, దానిలోనూ స్పర్శ ఉండదు. మొదటి కాలి కట్టు విప్పే గొడవలో రెండో పాదాన్ని ఎవరూ చూడరు.

కృత్రిమ కాలు పెట్టుకుని మళ్లీ పనికి వెళ్లినవాళ్లు ఉన్నారు, ఎంతోమంది. 1968 ప్రాంతంలో జైపూరులో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేథీ కలిసి చేసిన కాలు మన బతుకుకు తగినట్టు వచ్చింది. బూటు లేకుండా నడవవచ్చు, కింద కూర్చోవచ్చు, పొలం గట్టు మీద, బురదలో నడవవచ్చు. షుగరు ఉన్నవాళ్లు దాన్ని తొడిగిన ప్రతిసారీ, విప్పిన ప్రతిసారీ మొండి కాలి చర్మాన్ని చూసుకోవాలి, అక్కడా ఒత్తిడి పుళ్లు లేస్తాయి. ఇంట్లో స్నానాలగదిలో గోడకు ఒక కమ్మీ, నేల మరుగుదొడ్డికి బదులు కమోడు కుర్చీ, వీధి మెట్లకు చేతిపట్టు. ఇవి చేయించకుండా మనిషిని మంచానికి కట్టేసి, కదలడం లేదంటే ఎలా?

చట్టం మాటకొస్తాను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. అందులో షుగరు పేరు లేదు, కిడ్నీ జబ్బు పేరూ లేదు. షుగరు వల్ల కాలు పోతే, చూపు పోతే ఆ వైకల్యాల కిందికి వస్తారు. చాలా ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం అన్న గీత ఉంది. మోకాలి కింద కాలు పోయినవాళ్లు ఆ గీత దాటతారు. ఒక కాలివేలు పోయినవాళ్లు, ఒక్క కన్ను పూర్తిగా పోయి రెండోది బాగున్నవాళ్లు దాటరు. ఒక కంటికి ఆ లెక్కలో 30 శాతమే. వేలు పోయి, చూపు మసకేసి, చేతులు బిగుసుకుపోయి, స్పర్శ పోయిన మనిషి, నిజంగా రోజు గడపలేని మనిషి, కాగితం మీద నిలబడకపోవచ్చు. ఈ లెక్క మారాలి. ఒక్కో అవయవాన్ని విడిగా తూచే పద్ధతి షుగరు రోగికి అన్యాయం చేస్తోంది, ఎందుకంటే ఆ జబ్బు ఒంటినంతటినీ కొంచెం కొంచెంగా తీసుకుంటుంది.

ఉన్నదాన్నయినా అడిగి తీసుకోండి. వైకల్య ధ్రువపత్రం కోసం చేసే సదరం పరీక్షకు ముందుగా స్లాటు తీసుకోవాలి, ఆపరేషను కాగితాలు, ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ పారేయకండి. వికలాంగుల పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6,000 రూపాయలయింది, తెలంగాణలో 2023లో 4,016 చేశారు. నేను పంపినా వెళ్లనివాళ్లు ఉన్నారు. అది పుట్టుకతో వచ్చినవాళ్లకమ్మా, మాది చేజేతులా చేసుకున్నది అంటారు. ఎవరెవరో అన్న మాటలు విని విని అవి వాళ్ల నోటికే వచ్చేశాయి. వైకల్యం ఎలా వచ్చింది అని చట్టం అడగదు, ఎంత వచ్చింది అనే అడుగుతుంది.

ఉద్యోగం చేస్తున్నవాళ్లు తెలుసుకోవలసింది అదే చట్టంలోని 20వ సెక్షను. ప్రభుత్వ సంస్థలో పని చేస్తుండగా వైకల్యం వస్తే ఉద్యోగం తీసేయడానికి, హోదా తగ్గించడానికి వీల్లేదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో ఇంకో పని చూపాలి, ఖాళీ లేకపోతే అదనపు పోస్టులో ఉంచాలి. ఇది 1995 నాటి చట్టంలోనూ ఉండేది. కుణాల్ సింగ్ అనే కానిస్టేబుల్‌కు విధుల్లో ఉండగా కాలికి దెబ్బ తగిలి, అది గాంగ్రీన్‌గా మారి కాలు తీసేస్తే, పనికి రాడని ఇంటికి పంపారు. సుప్రీంకోర్టు 2003లో అతని పక్షాన తీర్పు చెప్పింది. కాబట్టి రాజీనామా కాగితం మీద సంతకం పెట్టమని ఎవరైనా అంటే పెట్టకండి, ముందు ఈ సెక్షను చూపించండి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, పల్లె దవాఖానాల్లో, బస్తీ దవాఖానాల్లో పని చేసే డాక్టర్లకు, నర్సులకు, ఆశా కార్యకర్తలకు ఒక అభ్యర్థన. మన ఊళ్లలో పేషెంటు చెప్పులు గది బయట విడిచి లోపలికి వస్తాడు. పాదాలు మన ముందే ఉంటాయి. వేలి నుంచి రక్తపుచుక్క తీస్తాం, చీటీ మీద అంకె రాస్తాం, మందులిచ్చి పంపుతాం, కింద ఉన్న పాదాన్ని చూడం. స్టూలు మీద ఒక్కసారి కాలు పెట్టించి, వేళ్లు విడదీసి చూసి, నైలాన్ పోగు ఆనించి, చీటీ మీద షుగరు అంకె పక్కనే స్పర్శ ఉంది అనో లేదు అనో రాయండి. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు ఒకసారి తిరగేసి చూడమని పేషెంటుకే చెప్పండి. పాదం బాగుందని రాసిన మనిషిని ఏడాదికి మళ్లీ పిలవండి, స్పర్శ లేదని రాసిన మనిషిని మూడు నెలలకు పిలవండి, రాకపోతే ఆశమ్మను ఇంటికి పంపండి.